అంగన్‌వాడీ సొంత భవనానికి, జీడి ఫ్యాక్టరీ తల్లుల పిల్లల క్రెష్‌కి డబ్బు ఏ పద్దుల్లోంచి వస్తుంది?

పలాస_వార్డుమెంబర్ | 14-11-2024

అందరికీ నమస్కారం. మాది పలాస పక్కన ఒక గ్రామ పంచాయతీ. మా అంగన్‌వాడీ అద్దె ఇంట్లో నడుస్తోంది. ఉన్నది ఒకటే గది. ఒక మూల పొయ్యి, ఇంకో మూల ఇటుకల మీద బియ్యం బస్తా, మిగిలిన జాగాలో 26 మంది పిల్లలు. మరుగుదొడ్డి లేదు. తల్లుల్లో సగానికి పైగా జీడి ఫ్యాక్టరీల్లో కూలికి పోతారు. పొద్దున్న 7కి వెళ్తే సాయంత్రం 6 దాటాకే ఇంటికి. అంగన్‌వాడీ మూసేశాక పిల్లల్ని చూసేది ఏడెనిమిదేళ్ల అక్కలే, వాళ్లు బడి మానుకుని మరీ చూస్తున్నారు.

సొంత భవనానికి ఎంత వస్తుంది, ఎవరిని అడగాలి? ఆట వస్తువులకు, మరుగుదొడ్డికి విడిగా నిధులు ఉన్నాయా? మా డ్వాక్రా సంఘం క్రెష్ (పసిపిల్లల్ని పగలు చూసుకునే కేంద్రం) పెట్టుకుంటే ప్రభుత్వం డబ్బు ఇస్తుందా? వచ్చే వారం గ్రామసభ ఉంది, ఆలోపు తెలిస్తే మేలు.

ఈఏ_సివిల్ | 14-11-2024

మేడం, అంగన్‌వాడీ గ్రాంటు అని ఒకటే పద్దు ఉండదు. అది తెలియకే చాలా పంచాయతీలు ఒకే ఆఫీసు చుట్టూ ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. అంగన్‌వాడీల కేంద్ర పథకం పోషణ్ 2.0 మార్గదర్శకాల ప్రకారం ఒక్కో భవనానికి 12 లక్షలు. అందులో 8 లక్షలు ఉపాధి హామీ, 2 లక్షలు పదిహేనో ఆర్థిక సంఘం నిధులు, మిగిలిన 2 లక్షలు మహిళా శిశు సంక్షేమ శాఖ. ఈ ఆఖరి 2 లక్షలను మన దగ్గర కేంద్రం, రాష్ట్రం 60:40 లెక్కన పంచుకుంటాయి.

ఇందులో మీ చేతిలో ఉన్నది ఆర్థిక సంఘం వాటా. టైడ్ నిధులను తాగునీటికి, పారిశుధ్యానికి తప్ప వాడకూడదు కాబట్టి భవనం వాటా అన్‌టైడ్ (అలాంటి షరతు లేని) నిధుల్లోంచే పెట్టాలి. 2025-26 జీపీడీపీలో (పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో) ఈ పని ఉండాలి, పంచాయతీల పోర్టల్ ఈ-గ్రామస్వరాజ్‌లో కూడా ఎక్కాలి. తీర్మానం పుస్తకంలో రాసి వదిలేస్తే కుదరదు. పోర్టల్ ప్లాన్‌లో లేని పనికి వోచరు తయారుకాదు, బిల్లు అక్కడే ఆగిపోతుంది. పదిహేనో ఆర్థిక సంఘం గడువుకు 2025-26 ఆఖరి సంవత్సరం కాబట్టి ఈ గ్రామసభలో తప్పకుండా పెట్టించండి. తీర్మానంలో సర్వే నంబరు, విస్తీర్ణం, కేంద్రం కోడు, మూడు పద్దుల వాటాలు అంకెలతో రాయించండి.

ఉపాధి హామీ 8 లక్షలు ఎక్కడ ఆగుతాయో చెప్తాను. ఆ చట్టంలో కూలి కనీసం 60 శాతం ఉండాలి, మెటీరియల్ 40 శాతం దాటకూడదు. మేస్త్రీ, రాడ్‌బెండర్ లాంటి నైపుణ్యం ఉన్నవాళ్ల కూలి కూడా మెటీరియల్ కిందికే పోతుంది. ఉదాహరణకు 8 లక్షల్లో మామూలు కూలి 2 లక్షలు, మెటీరియల్ 6 లక్షలు అనుకోండి. 6 లక్షల మెటీరియల్‌ను మోయడానికి 9 లక్షల కూలి కావాలి. అంటే ఇంకో 7 లక్షల కూలి పని చెరువు పూడిక, పొలం కాలువలు, కందకాల లాంటి వాటి మీద జరిగి ఉండాలి. కాబట్టి భవనాన్ని ఒక్కదాన్నే అడగకండి, దాంతోపాటు కూలి పనులు కూడా ప్లాన్‌లో పెట్టించండి. మెటీరియల్ వాటా మిగులు ఉందో లేదో మండలంలో ఉపాధి హామీ చూసే ఏపీఓని ముందే అడగండి. మిగులు లేకుండా మొదలైన భవనాలు బేస్‌మెంట్ దగ్గరో, లింటెల్ దగ్గరో ఆగి పిచ్చిమొక్కలు మొలుస్తాయి.

సాంకేతిక మంజూరు, పరిపాలనా మంజూరు రెండూ చేతికి రాకుండా పునాది తవ్వనివ్వకండి. పని ఐడీ పుట్టకముందు జరిగిన పనికి మస్టరు (కూలీల హాజరు పట్టీ) ఉండదు. మొదలుపెట్టక ముందు ఖాళీ స్థలం ఫోటో జియోట్యాగ్ కావాలి, తవ్వేశాక ఆ ఫోటో ఎక్కడి నుంచి వస్తుంది?

అంచనా వేసేటప్పుడు దగ్గరుండి చూడండి. పాత పంచాయతీ భవనం అంచనానే పేరు మార్చి పెట్టేస్తుంటారు. అప్పుడు పెద్దవాళ్ల కమోడు, మూడడుగుల ఎత్తులో కుళాయి వస్తాయి. మూడేళ్ల పిల్లకు అందని కుళాయి దేనికి? చిన్న పాన్, అడుగున్నర ఎత్తులో కుళాయిలు, బయటి నుంచి కూడా తీయగలిగే గడియ, ర్యాంపు, గదితో కలవని వంటిల్లు, స్టోరు ఇవన్నీ అంచనాలోనే రాయించాలి. కనీసం 600 చదరపు అడుగుల కట్టడం, దానికి తోడు ఆడుకునే జాగా ఉండాలి.

ఇంకోమాట. ఉపాధి హామీ గ్రామ పంచాయతీల్లోనే ఉంటుంది. మీకు ఆనుకునే పలాస-కాశీబుగ్గ మునిసిపాలిటీ ఉంది. ఆ పరిధిలోని కేంద్రాలకు ఈ 8 లక్షల దారి లేదు. మీ స్థలం హద్దు ఎటు వైపు పడుతుందో చూసుకోండి.

సెక్టార్_సూపర్‌వైజర్ | 15-11-2024

భవనం సంగతి ఈఏ గారు చెప్పేశారు. మిగతావి నేను రాస్తాను.

మరుగుదొడ్డికి 36,000, తాగునీటి ఏర్పాటుకు 17,000 విడిగా ఉన్నాయి. ఇవి ప్రభుత్వ భవనాల్లోని కేంద్రాలకే అక్కరకొస్తాయి. అద్దె ఇంట్లో కట్టించమంటే ఒప్పుకోరు, ఆ ఇల్లు రేపు ఖాళీ చేయాల్సిందే కదా. అద్దె గరిష్ఠం గ్రామాల్లో నెలకు 1,000, పట్టణాల్లో 4,000, మహానగరాల్లో 6,000. వెయ్యికి దొరికేది మీరు చెప్పినలాంటి గదే. అందుకే సొంత భవనం మీదే పట్టు పట్టండి.

పూర్వ ప్రాథమిక విద్య కిట్‌కు కేంద్రానికి ఏటా 5,000. కిట్ వచ్చిందా లేదా అని అడిగి వదలకండి. ఏయే వస్తువులు, ఎన్ని, ఏ తేదీన వచ్చాయో స్టాక్ రిజిస్టరులో చూడండి. చాలాచోట్ల చెక్క దిమ్మలు, పూసలు, బొమ్మల కార్డులు పాడవుతాయని బీరువాలో దాచేస్తారు. అవి పిల్లల చేతుల్లో అరిగిపోవాలి, అందుకే ఏటా డబ్బు ఇస్తున్నారు. ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కింద రోజుకు కనీసం 2 గంటలు ఆటపాటల చదువు సాగాలి. 3–6 ఏళ్ల వాళ్లకు ఆధార్‌శిల పాఠ్యక్రమం, మూడేళ్లలోపు వాళ్లకు నవచేతన వచ్చాయి. పలకలు పట్టించి అక్షరాలు దిద్దించడమే చదువు అనుకునే తల్లిదండ్రులకు ఈ సంగతి నెమ్మదిగా చెప్పాలి.

సక్షమ్ అంగన్‌వాడీ అని దేశంలో 2 లక్షల కేంద్రాలను మెరుగుపరిచే పథకం ఉంది. ఎల్‌ఈడీ తెర, నీటి శుద్ధి యంత్రం, పెరటి తోట, గోడల మీద బొమ్మలు అందులో భాగం. అదీ ప్రభుత్వ భవనం ఉన్నవాటికే.

ఇక పోషణ్ ట్రాకర్, అంటే అంగన్‌వాడీల వివరాలు ఎక్కించే యాప్. పైవాళ్లకు మీ కేంద్రం కనిపించేది అందులోనే. భవనం వివరాల దగ్గర అద్దె బదులు పొరపాటున సొంత భవనం అని ఉంటే కొత్త భవనం జాబితాలో మీ పేరే రాదు. మరుగుదొడ్డి లేకపోయినా ఉందని పడితే అదీ పోయినట్టే. కార్యకర్త ఫోన్‌లో ఆ పేజీ తెరిపించి గ్రామసభకు ముందే చూడండి. దిద్దించాక సీడీపీఓ (అంగన్‌వాడీలను చూసే ప్రాజెక్టు అధికారి) ఆఫీసుకు రాతపూర్వకంగా కూడా ఇవ్వండి.

పలాస_వార్డుమెంబర్ | 15-11-2024

ఇద్దరికీ చాలా థాంక్సండి. ట్రాకర్‌లో చూస్తే మరుగుదొడ్డి ఉన్నట్టే పడింది, రేపు దిద్దిస్తాం. స్థలానికి ఊళ్లో ఒక పెద్దాయన 4 సెంట్లు ఇస్తానంటున్నారు, స్టాంపు పేపరు మీద రాసిస్తారట. సరిపోతుందా?

రెవెన్యూ_దఫ్తర్ | 15-11-2024

సరిపోదండి. స్థిరాస్తి దానం రిజిస్టరైతేనే చెల్లుతుంది. నోటి మాట మీద, నోటరీ కాగితం మీద కట్టిన చోట్ల దాత కాలం చేశాక కొడుకులు వచ్చి తాళం వేస్తారు. పంచాయతీ పేరున రిజిస్టర్డు దానపత్రం రాయించండి. దానికి ముందు భూమి రికార్డులు 1బీ, అడంగల్, తాకట్టులు, లావాదేవీలు చూపే ఈసీ తీసి భూమి ఆయన పేరునే ఉందా, బ్యాంకు తాకట్టులో ఉందా చూడండి. ఉమ్మడి ఆస్తి అయితే వాటాదారులంతా సంతకం పెట్టాలి. డి-పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూమి అయితే సాధారణంగా ఆయనకు దానం చేసే హక్కు ఉండదు. చెరువు, వాగు పోరంబోకు ఎవరు చూపించినా వద్దనండి.

బడి ఆవరణలో జాగా ఉంటే అదే అన్నిటికన్నా మేలు. భూమి తగాదా ఉండదు, ప్రహరీ, నీళ్లు ఉంటాయి, ఒకటో తరగతికి పిల్లలు అక్కడే చేరతారు. హెడ్మాస్టరు, తల్లిదండ్రుల కమిటీ తీర్మానం ముందుగా తీసుకోండి.

క్రెష్_లెక్కలు | 16-11-2024

మీ మూడో ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు, పిల్లలకు వెంటనే కావాల్సింది అదే.

సంఘం నేరుగా దరఖాస్తు పెట్టుకుని డబ్బు తెచ్చుకునే పద్ధతి ఇప్పుడు లేదు. పాత జాతీయ క్రెష్ పథకంలో స్వచ్ఛంద సంస్థలకు వాటా ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి అది మహిళల కోసం ఉన్న కేంద్ర పథకం మిషన్ శక్తిలో ‘పాల్నా’ అయింది, రాష్ట్రం ద్వారానే నడుస్తుంది. అంగన్‌వాడీతో కలిపి నడిపే క్రెష్‌లు దేశంలో 17,000 పెట్టాలన్నది లక్ష్యం. 6 నెలల నుంచి 6 ఏళ్ల పిల్లలు, ఒక్కోచోట 25 మంది, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. వేళలు తల్లుల పనిని బట్టి పెట్టాలని మార్గదర్శకాల్లోనే ఉంది. క్రెష్ కార్యకర్తకు నెలకు 5,500, సహాయకురాలికి 3,000. ఉన్న అంగన్‌వాడీ కార్యకర్తకు అదనంగా 1,500, ఆయాకు 750. మీ సంఘంలోని మహిళలు అడగాల్సింది క్రెష్ కార్యకర్త, సహాయకురాలు అనే రెండు కొత్త పోస్టులనే.

ప్రతిపాదన సీడీపీఓ నుంచి జిల్లా పీడీకి (శాఖ ప్రాజెక్టు డైరెక్టరుకు), అక్కడి నుంచి రాష్ట్రానికి పోతుంది, రాష్ట్రం తన వార్షిక ప్రణాళికలో పెట్టి కేంద్రానికి పంపుతుంది. మాకు క్రెష్ కావాలి అని ఒక్క వాక్యం రాసిన అర్జీ దారిలోనే ఉండిపోతుంది. తల్లి పేరు, బిడ్డ వయసు నెలల్లో, పని చోటు, వెళ్లే వేళ, వచ్చే వేళ, ఇంట్లో చూసుకునే పెద్దలు ఉన్నారా అన్న పట్టిక కనీసం 25 మంది పిల్లలతో జతచేయండి. పసిపిల్లలు పడుకోవడానికి వేరే గది చూపించాలి. మీ ఒంటి గది కేంద్రానికి అదే అడ్డం వస్తుంది, అందుకే భవనం అంచనాలో ఆ గది ఇప్పుడే కలిపించండి.

ఇంకా ముందు చూడాల్సింది ఫ్యాక్టరీలను. 2024లో అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948, సెక్షన్ 48 ప్రకారం 30 మందికి మించి మహిళలు పనిచేసేచోట ఆరేళ్లలోపు పిల్లలకు గది పెట్టాల్సింది యజమానే. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించాక 50 మంది, ఆపైన ఉద్యోగులుంటే క్రెష్ తప్పనిసరి. తల్లి రోజుకు 4 సార్లు బిడ్డ దగ్గరికి వెళ్లి రావచ్చు. ఉమ్మడిగా పెట్టుకోవడానికీ ఆ చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి పక్కపక్కనున్న మూడు నాలుగు జీడి యూనిట్లు కలిసి ఒకటి నడపవచ్చు. హాజరు పట్టీలో పేరు లేకుండా పిక్కలు ఒలిచే ఆడవాళ్లను లెక్కలోకి తీసుకోకుండా 30కి లోపు చూపిస్తారు, అక్కడే చిక్కు. మీరు వేసే పట్టికలో ఫ్యాక్టరీ వారీగా తల్లుల సంఖ్య రాయండి. ఒక ప్రతి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు, ఇంకోటి కార్మిక శాఖకు. ఏ చట్టం కిందికీ రాని చిన్న యూనిట్ల తల్లుల పేర్లు పాల్నా ప్రతిపాదనలో ముందు వరుసలో పెట్టండి.