విదేశీ విద్యార్థినికి విశాఖలో క్రికెట్‌ను ఎలా పరిచయం చేయాలి?

ప్రశ్న: విద్యార్థుల మార్పిడి కార్యక్రమంలో జర్మనీ నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటున్న అమ్మాయిని మధురవాడ స్టేడియంలో జరిగే వన్డేకు తీసుకువెళ్లాలనుకుంటున్నాము. ఫుట్‌బాల్ మాత్రమే తెలిసిన ఆమెకు ముందుగా ఏమి చెప్పాలో సూచించగలరా?

జవాబు 1: నియమాలన్నీ ఒకేసారి చెప్పవద్దండి. జట్టుకు 50 ఓవర్లు, ఓవర్‌కు ఆరు బంతులు, పది వికెట్లు అని తెలిస్తే చాలు; మిగిలినది పక్కన కూర్చున్నవారే ఉత్సాహంగా వివరిస్తారు.

జవాబు 2: 2005లో పాకిస్తాన్‌పై ధోనీ 148 పరుగులు చేసినది ఇక్కడే అని తప్పక చెప్పండి. అయితే నా దృష్టిలో అంతకన్నా మంచి ఉదాహరణ, 2025 మహిళల ప్రపంచకప్‌లో భారత్ చేసిన 330 పరుగులను హీలీ 142 పరుగుల బలంతో ఆస్ట్రేలియా ఇదే మైదానంలో ఛేదించిన మ్యాచ్. అంతసేపు సాగే ఆట చివరి వరకు మనల్ని ఎందుకు కూర్చోబెడుతుందో అది చూపిస్తుంది.

జవాబు 3: ఆట ముగిశాక జాతీయ రహదారిపై రద్దీ ఎక్కువ కనుక, తిరుగు ప్రయాణానికి వాహనం ముందే మాట్లాడుకోండి.