స్కూల్లో పిల్లాడికి ప్రాణం మీదకొస్తే మందు టీచరే ఇవ్వాలా, అమ్మానాన్న వచ్చేదాకా ఆగాలా?

పల్లీ_వద్దమ్మా:
కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా వాడు ఐదో క్లాసు, పల్లీలు పడవు. పడవు అంటే ఏదో దురదొచ్చి పోవడం కాదు, రెండేళ్ల కిందట చుట్టాల పెళ్లిలో పులిహోర తిన్న పది నిమిషాలకి పెదాలు వాచిపోయి గొంతు బొంగురుపోయి రెండు వాంతులై కళ్లు తేలేశాడు, పక్కనే ఏరియా ఆస్పత్రి ఉండబట్టి సరిపోయింది, డ్యూటీ డాక్టర్ తొడకి ఒక ఇంజెక్షన్ చేశాక మనిషయ్యాడు. అడ్రినలిన్ అంట. అప్పట్నుంచి ఆ మందున్న చిన్న గాజు సీసా (ఆంప్యూల్) ఒకటి, సిరంజీలు, డాక్టర్ రాసిచ్చిన కాగితం బాక్సులో పెట్టి ఇంట్లో ఒకటి స్కూల్లో ఒకటి ఉంచుతున్నాం.

మొన్న క్లాసులో ఎవరిదో బర్త్‌డే, చాక్లెట్లు పంచారు, లోపల పల్లీ ముక్కలు. వీడు సగం కొరికి పెదవి మండుతోంది మిస్ అన్నాడట. మిస్ నాకు ఫోన్ చేసింది, నేను బ్యాంకులో కౌంటర్ మీద ఉన్నా, ఫోన్ సైలెంట్లో ఉంది. మా ఆయనకి చేసింది, ఆయన బండి మీద. మళ్ళీ నాకు. ఇలా నలభై నిమిషాలు. బాక్సు స్టాఫ్‌రూం బీరువాలో, తాళం క్లర్క్ దగ్గర, క్లర్క్ బయటికెళ్లాడు! ఈసారి ఒంటి నిండా దద్దుర్లతో పోయింది, అదృష్టం. అడిగితే "మీ పర్మిషన్ లేకుండా ఎలా ఇస్తాం మేడం" అన్నారు. సరే రాసిస్తాను అన్నా. రాసిచ్చినా మేం ఇవ్వం, బాక్సు ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. తప్పు నాదేనా? మీరు చెప్పండి.

లెక్కల_మాస్టారు:
అమ్మా, మీ బాధ అర్థమైంది, పిల్లాడు బాగున్నందుకు సంతోషం. కానీ సర్కారు బడి టీచరుగా నా మాట కూడా వినండి. మాది ఇద్దరు టీచర్ల బడి, ఒకరు ట్రైనింగుకెళ్తే మిగతా ఒక్కడినే ఐదు క్లాసులు చూడాలి, మధ్యాహ్న భోజనం రుచి చూడాలి, ఫోటోలు అప్‌లోడ్ చేయాలి, ఇప్పుడు సూది కూడానా. బీఈడీలో మాకు సూది పట్టుకోవడం నేర్పలేదండి. ఇస్తే ఏదన్నా జరిగిందా, "మాస్టారు ఇంజెక్షన్ చేస్తే పోయాడు" అని ఊరంతా బడి మీదకొస్తారు. ఇవ్వకపోతే కనీసం 108 కి ఫోన్ చేశాం అని చెప్పుకోవచ్చు. 108 మన ఉమ్మడి రాష్ట్రంలోనే కదా 2005 ఆగస్టు 15న పెట్టింది, వాళ్ల పని వాళ్లని చేయనిద్దాం.

డల్లాస్_నాన్న:
మాస్టారూ తప్పుగా అనుకోకండి, ఇక్కడ మా అమ్మాయికి జీడిపప్పు అలర్జీ. స్కూల్ మొదటి వారంలోనే ఒక కాగితం నింపాలి, ఫోటో అతికించాలి, ఏ లక్షణం వస్తే ఏం చేయాలో వరుసగా ఉంటుంది, డాక్టర్ సంతకం ఉంటుంది. 2013 లో ఒబామా సంతకం పెట్టిన చట్టం తర్వాత, ఏ పిల్లాడి పేరూ లేకుండా స్కూలే కొన్ని డోసు ముందే నింపిన అడ్రినలిన్ పెన్నులు, అంటే ఎపిపెన్‌లు స్టాకు పెట్టుకోవడం బాగా పెరిగింది. ఎందుకంటే మొదటిసారి రియాక్షన్ స్కూల్లోనే రావచ్చు, అప్పుడు ఇంటి నుంచి తెచ్చిన బాక్సు ఎక్కడుంటది? కెనడాలో అయితే అంటారియోలో ఒకమ్మాయి 2003 లో స్కూల్లో తిన్న తిండి పడక చనిపోతే ఆ పిల్ల పేరుతోనే చట్టం తెచ్చారు. మన దగ్గర ఇంకా తాళం క్లర్క్ దగ్గరే.

బడి_నడిపేవాడు:
నేను ఒక చిన్న ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్‌ని. డల్లాస్ అన్నా, ఆ పెన్ను ధర కూడా చెప్పు మరి. 2016 లో రెండు పెన్నుల ప్యాకెట్ ఆరువందల డాలర్లు చేశారని అక్కడే గొడవైంది. మా స్కూల్లో నెల ఫీజు కట్టలేక మూడు నెలలు ఆపేవాళ్లు ఉన్నారు. ఇంకోటి, ఈ మేడంగారి బాక్సు ఒక్కటైతే పెట్టొచ్చు, రేపు ఇంకో పిల్లాడి ఇన్‌హేలర్, ఇంకొకరి ఇన్సులిన్, ఫిట్స్ మందు, అన్నీ వస్తాయి. ఎవరిది ఎవరికిచ్చామో తప్పు జరిగితే జైలుకెళ్లేది నేను. నర్సుని పెట్టమంటారా, జీతం ఫీజులో కలపనా?

పీహెచ్‌సీ_డ్యూటీ:
డాక్టర్ని, పీహెచ్‌సీలో పని. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. కరస్పాండెంట్ గారూ, పెన్ను ఖరీదు నిజం, కానీ మన దగ్గర వాడేది ఆంప్యూల్, ఒక మిల్లీలీటర్లో ఒక మిల్లీగ్రాము, టీ ఖర్చుతో పోల్చే ధర. సమస్య డబ్బు కాదు, కొలత. పెన్నులో డోసు ముందే నింపి ఉంటుంది, నొక్కితే చాలు. ఆంప్యూల్ మూతి విరవాలి, సిరంజీలోకి లాగాలి, చేతులు వణుకుతుంటే కావాల్సినదానికంటే ఎక్కువ లాగేసే ప్రమాదం ఉంది. తొడ కండకి ఇచ్చేది మామూలుగా సేఫ్, మనం భయపడేది పొరపాటున నరంలోకి ఎక్కిస్తే. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలకి సాధారణంగా 0.3 మిల్లీలీటర్, కానీ మీ వాడికి ఎంతో మీ డాక్టర్ రాసిందే లెక్క.

రెండోది, అసలు నాకు కోపం తెప్పించేది. ఊళ్లో ఎవరికైనా ఇలాంటిది వస్తే ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తారు, ఆయన అవిల్ ఒకటి, డెక్సా అనే స్టెరాయిడ్ ఒకటి పొడిచి పడుకోబెడతాడు. దద్దుర్లు తగ్గుతాయి, అందరూ అమ్మయ్య అనుకుంటారు, గొంతు మాత్రం వాస్తూనే ఉంటుంది. అవిల్ దురదకి. ఊపిరికి, పడిపోయిన బీపీకి అడ్రినలిన్ ఒక్కటే. స్కూల్ ఫస్ట్ ఎయిడ్ బాక్సులో సెట్రిజిన్ మాత్ర పెట్టి రెడీగా ఉన్నాం అనుకోవడం కూడా అలాంటిదే. ఇంకోటి, పిల్లాడిని లేపి నడిపించి ఆటో దాకా తీసుకెళ్లకండి, పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి, ఆయాసముంటే కూర్చోనివ్వండి. ఇంజెక్షన్ ఇచ్చి తేరుకున్నా ఆస్పత్రికి రావాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెడుతుంది కొందరికి.

పాతకాలం_మనిషి:
మా చిన్నప్పుడు ఈ అలర్జీలు లేవు. జేబు నిండా పల్లీలేసుకుని తిరిగేవాళ్లం. ఇప్పటి పిల్లలు మట్టిలో ఆడక ఇలా తయారయ్యారు. ఇదంతా అమెరికా ఫ్యాషన్.

సీమ_సిన్నోడు:
తాతా అప్పుడు కూడా ఉన్నాయి, "గాలి సోకింది" అని పేరు పెట్టి మట్టి చేశారంతే. అవునూ పల్లీ గురించి ఒక సంగతి, మా కర్నూలు సైడు బుడ్డలు అంటాం, మీరు పల్లీ అంటారు, కోస్తాలో వేరుశెనక్కాయలు. మా అక్క కొడుక్కి ఇదే ఉంది, బడిలో వంటామెకి "పల్లీ పడదు" అని చెప్పి వచ్చింది మా అక్క, ఆయమ్మ సరే అని తల ఊపింది, మధ్యాహ్నం బుడ్డల పొడి వేసిన వంకాయ పెట్టింది. మా రాష్ట్రంలో బడిలో చిక్కీ కూడా ఇస్తారు, అది చూస్తే తెలుస్తది కాబట్టి వాడే పక్కన పెడతాడు, పొడి అయితే ఎట్ల తెలుస్తది? ఇంజెక్షన్ సంగతి తర్వాత, ముందు వంటామెకి అర్థమయ్యే మాటలో గోడ మీద రాయండి.

ఏఎన్ఎం_అక్క:
సిన్నోడా బాగా చెప్పావు. నేను మూడు బడులు తిరుగుతా. అలర్జీలు నేను చూసింది తక్కువే, నేను చూసేవి ఫిట్స్, ఆయాసం, తేలు, పాము, తేనెటీగలు. మీరంతా సూది గురించి కొట్టుకుంటున్నారు గానీ సూది అక్కర్లేని వాటిల్లో కూడా మన బడులు ఫెయిలే. పోయినేడు ఒక హైస్కూల్లో పిల్లకి ఫిట్స్ వచ్చాయి, నేను వెళ్లేసరికి చేతిలో తాళాల గుత్తి, ముక్కు దగ్గర ఉల్లిపాయ, నోట్లో స్పూను, చుట్టూ వందమంది పిల్లలు. ఒక పంటి ముక్క విరిగింది స్పూనుకి. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి టైము చూసుకోవడమే కదా చేయాల్సింది, ఐదు నిమిషాలు దాటితే ఎమర్జెన్సీ. ఆ పిల్ల వాళ్లమ్మ ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే బ్యాగులో పెట్టి పంపిందంట, ఎవరూ తీయలేదు. అది సూది కూడా కాదు.

బడి_నడిపేవాడు:
స్ప్రే అయితే నేను కూడా ఇప్పిస్తానమ్మా. సూది దగ్గరే నా అభ్యంతరం.

నల్లకోటు:
లాయర్‌ని, ఫీజు లేకుండా చెప్తున్నా కాబట్టి కోర్టులో నన్ను కోట్ చేయకండి. రోడ్డు యాక్సిడెంట్లో సాయం చేసినవాళ్లకి 2019 మోటార్ వాహనాల సవరణలో 134ఏ సెక్షన్ అని రక్షణ ఉంది, అది స్కూలుకి రాదు. కానీ భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ చూడండి, పాత ఐపీసీలో 92. అనుమతి తీసుకునే వీల్లేని పరిస్థితిలో, ఆ మనిషి మేలు కోరి మంచి ఉద్దేశంతో చేసిన పని నేరం కాదు. అందులో ఉదాహరణలు భలే ఉంటాయి. ఒక మనిషిని పులి ఎత్తుకుపోతుంటే నువ్వు పులిని కాల్చావు, తూటా మనిషికి తగిలింది, నేరం కాదు. ఇంకోటి సరిగ్గా మన కేసే, పిల్లాడికి ప్రమాదం జరిగింది, గార్డియన్ని అడిగే టైము లేదు, డాక్టర్ ఆపరేషన్ చేశాడు, నేరం కాదు.

లెక్కల_మాస్టారు:
సార్ ఆ ఉదాహరణలో చేసింది డాక్టర్. మాస్టారు కాదు. మీరే చెప్పారు.

నల్లకోటు:
పులిని కాల్చింది షికారీ అని రాయలేదు కదా మాస్టారూ :) ఒప్పుకుంటా, "మంచి ఉద్దేశం" అంటే తగిన జాగ్రత్త కూడా అందులో ఉంటుంది. అందుకే ట్రైనింగు, డాక్టర్ కాగితం, తల్లి సంతకం ఉంటే మీ చేయి గట్టిపడుతుంది. ఏమీ లేకుండా పొడిస్తే నేనైనా కాపాడలేను. పైగా నేరం కాకపోయినా నష్టపరిహారం కేసు వేరే సంగతి.

వయనాడ్_గుర్తుందా:
ఇవ్వకపోతే సేఫ్ అంటున్న మాస్టారికి ఒకటి గుర్తుచేస్తా. 2019 నవంబర్లో కేరళ సుల్తాన్ బత్తేరిలో ఐదో క్లాసు పాప క్లాస్‌రూంలోనే పాము కాటుకి చనిపోయింది, గోడ పక్కన కన్నంలోంచి వచ్చింది పాము. టీచర్లు ఆస్పత్రికి తీసుకెళ్లడంలో ఆలస్యం చేశారని ఆరోపణలొచ్చి సస్పెండ్ చేశారు. అక్కడ ఎవరూ తప్పు మందు ఇవ్వలేదు, తప్పు సూది పొడవలేదు. ఆలస్యం ఒక్కటే ఆరోపణ. చేతులు కట్టుకుని కూర్చున్నా మిమ్మల్ని వదలరు సార్.

లెక్కల_మాస్టారు:
గుర్తుంది. ఆ వార్త చదివాక మా బడిలో గోడ కన్నాలన్నీ నేనే సిమెంటు పూశాను, సొంత డబ్బుతో. నేను పిల్లల ప్రాణం పట్టనివాడిని అనుకోకండి. తీసుకెళ్లడానికి నా బండి ఎప్పుడూ రెడీ. తీసుకెళ్లడం వేరు, పొడవడం వేరు.

గురుకులం_పాతకాపు:
పగటి బడుల గురించే మాట్లాడుతున్నారు. నేను గురుకులంలో చదివా. మా రూమ్మేట్‌కి ఆయాసం, రాత్రి రెండింటికి ఎక్కువయ్యేది. వాడి ఇన్‌హేలర్ వార్డెన్ రూంలో ఉండేది, "పిల్లలు ఆడుకుని పాడుచేస్తారు" అని. మేం వెళ్లి తలుపు కొట్టాలి, ఆయన లేవాలి, తిట్టాలి, తీయాలి. ఒకసారి తలుపు తీయలేదు. వాడిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి తెల్లారేదాకా వీపు నిమిరాం. ఇన్‌హేలర్ ఆయాసమున్నోడి జేబులో ఉండాలి, ఇందులో చర్చే లేదు నాకైతే.

పీహెచ్‌సీ_డ్యూటీ:
నూటికి నూరుపాళ్లు. ఒక చిట్కా, మందు ఊపిరితిత్తుల్లోకి బాగా వెళ్లడానికి ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం (స్పేసర్) కొనలేకపోతే అరలీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి సరిగ్గా పట్టేంత కన్నం చేసి వాడొచ్చు, గాలి పోకుండా ఉండాలి. షుగరు పిల్లల సంగతి కూడా అంతే, చేతులు వణికి చెమటలు పట్టి తిక్కతిక్కగా మాట్లాడుతుంటే క్లాసు మధ్యలో గ్లూకోజో పంచదారో తిననివ్వండి, స్పృహ ఉంటేనే సుమా. సీబీఎస్ఈ 2017 లోనే పరీక్ష హాల్లోకి తినేవి తీసుకెళ్లనిచ్చింది, మన సార్లు మాత్రం మామూలు క్లాసులో కూడా "బెల్లు కొట్టాక తిను" అంటారు.

పల్లీ_వద్దమ్మా:
అందరికీ థ్యాంక్స్. చదివాక నాకు అర్థమైంది ఏంటంటే నేను సూది గురించి గొడవపడ్డాను, అసలు పోయింది ఆ నలభై నిమిషాలు. ఆ మిస్ చెడ్డదేం కాదు, నాకు పదకొండు సార్లు ఫోన్ చేసింది పాపం, కానీ ఎవరిని అడగకుండా చేయొచ్చో ఆమెకి ఎవరూ చెప్పలేదు. 108 కి కూడా చేయలేదు, ఎందుకంటే "పేరెంట్స్ రాకముందే అంబులెన్స్ వస్తే పేరు పోతుంది" అని ఆఫీసులో ఎవరో అన్నారట.

నిన్న మళ్ళీ వెళ్లాను. బాక్సు క్లాస్‌రూంలోనే, తాళం లేకుండా, పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టడానికి ఒప్పుకున్నారు. పెదవి వాపు, గొంతు, ఆయాసం, వాంతి వీటిల్లో ఏది కనబడినా ముందు 108, తర్వాతే నాకు ఫోన్ అని కాగితం మీద రాసి సంతకం పెట్టాం. సూది ఎవరిస్తారు అంటే టీచర్లు అందరూ నేల చూపులు. పీఈటీ సారు చేయెత్తారు. ఇంకొకరు ఎవరో తెలుసా, స్కూల్లో ఆయాగా పనిచేసే ఆయమ్మ. "నా పెనిమిటికి రోజూ ఇన్సులిన్ నేనే చేస్తానమ్మా" అంది. మా డాక్టర్ గారు శనివారం వచ్చి బత్తాయికాయ మీద నేర్పిస్తానన్నారు.

బడి_నడిపేవాడు:
మేడం ఆ సంతకం కాగితం ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి. మా లాయర్‌కి చూపిస్తా. ఒప్పుకున్నానని కాదు.

ఏఎన్ఎం_అక్క:
ఆయమ్మకి నా దండాలు చెప్పండి. సార్లకి మాత్రం ఆంప్యూల్ ఎక్స్‌పైరీ తేదీ బాక్సు మీద పెద్దగా రాయమనండి, మందు రంగు మారినా వాడకూడదు, ఎండ తగిలేచోట పెట్టొద్దు. ఎండాకాలం సెలవుల్లో బాక్సు ఇంటికి తెచ్చుకోండి, రేకుల షెడ్డులో ఉడికిపోతుంది.

లెక్కల_మాస్టారు:
సూది విషయంలో నా మాట మారలేదు. వచ్చేవారం స్కూల్ కాంప్లెక్స్ మీటింగు ఉంది, స్ప్రే, ఇన్‌హేలర్, 108 సంగతి అక్కడ పెడతా, ఎంతమంది వింటారో చూద్దాం. ఇది చదివి మా ఫస్ట్ ఎయిడ్ బాక్సులో ఏముందో చూద్దామని ఇందాక వెళ్లా. బాక్సు హెచ్ఎం గారి రూంలో ఉంది, రూముకి తాళం, హెచ్ఎం గారు ఈరోజు సెలవు.