మిద్దె మీది టెలిస్కోపుకు పారలాక్స్ సంఖ్యలు ఎలా లెక్కించాలి?

అనంతపురం సభ్యుడు: అన్నా, గ్రహశకలాల కొలతలు, వాటిని ప్రపంచమంతటి నుంచి సేకరించే మైనర్ ప్లానెట్ సెంటర్‌కు పంపాలని ఉంది. మా మిద్దె 14.68 ఉత్తరం, 77.60 తూర్పు. అక్షాంశానికి నేరుగా కొసైన్, సైన్ తీస్తే 0.96736, 0.25342 వస్తున్నాయి. ఒక ప్రోగ్రాం మాత్రం 0.96760, 0.25179 అంటోంది. ఏది సరి? ఎత్తు కూడా జీపీఎస్‌లో 260 మీటర్లు, మ్యాపులో 345. టెన్షన్‌గా ఉంది.

కర్నూలు సభ్యుడు: ప్రోగ్రాందే సరి తమ్ముడూ. పారలాక్స్ అంటే చూసే చోటును బట్టి దగ్గరి వస్తువు ఆకాశంలో పక్కకు జరిగినట్టు కనిపించడం. దాన్ని లెక్కించడానికి మన చోటును చెప్పేవే ఈ రెండు సంఖ్యలు. మొదటి సంఖ్య భూమి అక్షం నుంచి మీ మిద్దె ఎంత దూరమో చెబుతుంది, రెండోది భూమధ్యరేఖ తలం నుంచి ఎంత పైన ఉందో. రెండూ భూమధ్యరేఖ దగ్గరి వ్యాసార్థం 6378.137 కిలోమీటర్లను ఒకటిగా తీసుకున్న లెక్కలు. అంటే మీరు అక్షానికి దాదాపు 6171 కిలోమీటర్లు, తలానికి 1606 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. భూమి తిరిగినా ఈ రెండూ మారవు, అందుకే ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. మారేది నక్షత్ర కాలం (ఆ క్షణంలో ఏ నక్షత్రాలు మన నెత్తి మీదుగా దాటుతున్నాయో చెప్పే సమయం) ఒక్కటే, రేఖాంశం పని అక్కడే.

భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయింది కాబట్టి మ్యాపులోని అక్షాంశాన్ని నేరుగా వాడకూడదు. దాని టాన్‌ను 0.99664719తో గుణించి, ఆర్క్ టాన్ తీయండి. వచ్చిన కోణం కొసైన్ మొదటి సంఖ్య. సైన్‌ను మళ్లీ 0.99664719తో గుణిస్తే రెండోది. తర్వాత ఎత్తును 6378137తో భాగించి, మ్యాపు అక్షాంశం కొసైన్‌తో గుణించి మొదటిదానికి, సైన్‌తో గుణించి రెండోదానికి కలపండి.

ఎత్తు 260 వేయండి. అది ఎలిప్సాయిడ్ (నొక్కుకుపోయిన భూమికి లెక్కల కోసం తీసుకున్న నున్నటి ఆకారం) నుంచి కొలిచినది. 345 సముద్ర మట్టం నుంచి. దక్షిణాదిలో సముద్ర మట్టం ఎలిప్సాయిడ్ కంటే పదుల మీటర్లు కిందికి ఉంటుంది. తేడా ఐదో దశాంశంలో కనిపిస్తుందంతే.

అక్షాంశాన్ని నేరుగా వాడే పొరపాటు అలా కాదు, మీ చోటు పది కిలోమీటర్లకు పైనే తప్పుతుంది. అంగారకుడికీ గురుడికీ మధ్య ఉండే ప్రధాన వలయంలోని శకలాలకు అది తెలియదు గానీ, చంద్రుడి దూరానికి నాలుగు రెట్ల దూరంలో పోయే శకలం దాదాపు ఒకటిన్నర ఆర్క్ సెకను (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) పక్కకు కనిపిస్తుంది.

కడప సభ్యురాలు: సార్, తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీ రేఖాంశం కూడా మాలాగే 78.8 కదా. వాళ్ల సంఖ్యలే వాడొచ్చా?

కర్నూలు సభ్యుడు: వద్దమ్మా. నక్షత్ర కాలం ఇంచుమించు ఒకటే, కానీ వాళ్లు మీకు 200 కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉన్నారు. రెండు సంఖ్యలూ మారతాయి.

అనంతపురం సభ్యుడు: ఇప్పుడు 0.96760 వచ్చిందన్నా! రేఖాంశం 77.60 అని పంపితే చాలా?

కర్నూలు సభ్యుడు: చాలదు. 0.01 డిగ్రీ అంటే మన దగ్గర కిలోమీటరు. ఐదు దశాంశాలు ఇవ్వండి, అక్షాంశానికీ అంతే.