ప్రొటీన్‌ను కోసే ఎంజైమ్‌కి జ్ఞాపకంతో ఏం పని?

దేవరకొండ_జువాలజీ:
అందరికీ నమస్తే. నల్లగొండలో ఎమ్మెస్సీ చేస్తున్నా, వచ్చే వారం సెమినార్, టాపిక్ ప్రొటియేజ్‌లు (ప్రొటీన్లను కోసే ఎంజైమ్‌లు), సైనాప్స్ (రెండు న్యూరాన్లు కలిసే చోటు). ప్రొటియేజ్ అంటే నాకు తెలిసింది పెప్సిన్, ట్రిప్సిన్, అంటే తిన్న పప్పును అరిగించేవి. అట్లాంటిది మెదడులో ఉంటే ఉన్న కనెక్షన్లు తెగాలి కదా? మరి ఎంఎంపీ-9 అనే ప్రొటియేజ్ లేని ఎలుకల్లో ఎల్‌టీపీ (సైనాప్స్ బలపడి అట్లాగే నిలవడం), జ్ఞాపకం తగ్గాయని ఎట్లా రాశారు? రెండు రోజులుగా ఇక్కడే ఆగిపోయా, టెన్షన్‌గా ఉంది.

మిర్యాలగూడ_వరి:
తమ్మీ, పొలం చూసినవాడివే కదా. పై మడి నీళ్లు కింది మడికి పారాలంటే ఒడ్డును పారతో జానెడు తెంపుతాం, తడి అందగానే అదే మట్టితో పూడుస్తాం. తెంపకపోతే కింది నారు ఎండుతుంది, పూడ్చడం మరిస్తే పై మడి ఖాళీ. సైనాప్స్ చుట్టూ కూడా ఒడ్డులాగా ప్రొటీన్ల అల్లిక ఉంటుంది, అది బిగుసుకుని ఉన్నంతసేపు డెండ్రైట్ (న్యూరాన్ కొమ్మ) మీది స్పైన్ అనే చిన్న మొగ్గ పెరగడానికి జాగా దొరకదు. సైనాప్స్ గట్టిగా పనిచేసినప్పుడు ఎంఎంపీ-9 బయటికొచ్చి అక్కడికక్కడే కొంచెం కోస్తుంది, స్పైన్ లావెక్కుతుంది, తర్వాత టింప్-1 అనే ప్రొటీన్ వచ్చి ఆ ఎంజైమ్‌ను పట్టి ఆపుతుంది. నన్నడిగితే ఈ ఆపే ప్రొటీన్ గురించే ఎక్కువ చెప్పు. ఫ్రాజైల్ ఎక్స్ (బుద్ధిమాంద్యం తెచ్చే జన్యులోపం) ఉన్న ఎలుకల్లో ఎంఎంపీ-9 ఎక్కువ, వాటి స్పైన్లు సన్నగా, పొడుగ్గా, పక్వానికి రాకుండా ఉండిపోతాయి.
ఇంకోటి, ఈ ఎంఎంపీల కుటుంబంలో మొదటి ఎంజైమ్ దొరికింది మెదడులో కాదు, 1962లో, తోకకప్ప తోకలో. కప్పగా మారేటప్పుడు ఆ తోకను కరిగించేది అదే. సెమినార్ అక్కణ్నుంచే మొదలుపెట్టు.

పాలమూరు_నర్సు:
తెంచడం ఒక్కటే కాదు తమ్ముడూ, కోస్తే ప్రొటీన్ పనే మారిపోవచ్చు. పోయినేడు పొద్దున మా నాన్న చాయ్ తాగుతుంటే గ్లాసు జారింది, తీయబోతే కుడి చెయ్యి లేవలేదు. దగ్గర్లోని ఆసుపత్రిలో సెలైన్ పెట్టి రెండు గంటలు కూర్చోబెట్టారు, హైదరాబాద్ చేరేసరికి నాలుగున్నర గంటలు దాటాయి, పక్షవాతమని, టైం దాటింది కాబట్టి ఇక మెదడులోని రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వలేమని అన్నారు. ఆ ఇంజెక్షన్ ఆల్టెప్లేజ్, అంటే టీపీఏ, అదీ ప్రొటియేజే. ప్లాస్మినోజెన్‌ను కోసి ప్లాస్మిన్ చేస్తుంది, ఆ ప్లాస్మిన్ గడ్డను కోస్తుంది. అప్పట్నుంచి దాని గురించి చదువుతూనే ఉన్నా. అదే టీపీఏను మన న్యూరాన్లు సొంతంగా తయారు చేసుకుంటాయి! అక్కడ ప్లాస్మిన్ కోసేది ప్రోబీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను. కోయకముందు అది పీ75 రిసెప్టర్‌ను పట్టుకుని సైనాప్స్‌ను బలహీనపరిచే వైపు లాగుతుంది, కోశాక బీడీఎన్‌ఎఫ్ అయి ట్రాక్-బీ అనే ఇంకో రిసెప్టర్ ద్వారా బలపరుస్తుంది. ఎలుకల మెదడులో జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోకాంపస్‌లో ఎక్కువసేపు నిలిచే ఎల్‌టీపీకి ఈ కోత కావాలని 2004లో చూపించారు.

దేవరకొండ_జువాలజీ:
అక్కా, ఇప్పుడు అర్థమైంది. నాన్నగారు ఎట్లా ఉన్నారు? ఇంకో డౌట్, ఇవన్నీ కణం బయటేనా? ఎంజైమ్ మాత్రలు మింగితే జ్ఞాపకం పెరుగుతుందా అని క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

మిర్యాలగూడ_వరి:
కణం లోపల కాల్పెయిన్ అనే ప్రొటియేజ్ ఉంది. కాల్షియం పెరిగితే లేచి, స్పైన్ లోపల దాని ఆకారాన్ని నిలిపే స్పెక్ట్రిన్ అనే ప్రొటీన్‌ను కోస్తుంది. జ్ఞాపకానికి ఇదే మూలం కావచ్చని లించ్, బోద్రీ అనే శాస్త్రవేత్తలు 1984లోనే రాశారు.

పాలమూరు_నర్సు:
మాత్రల ఎంజైమ్ కూడా ప్రొటీనే, చాలావరకు కడుపులోనే అరిగిపోతుంది, మెదడు దాకా పోయే దారి లేదు. నాన్న ఫిజియోథెరపీ మానలేదు, ఎడమ చెయ్యి ఆసరా పెట్టి గ్లాసు పట్టుకుంటున్నాడు, కానీ చాయ్ సగమే పోస్తున్నాం.