కొబ్బరి నూనె క్రీములో రవ్వ పోయింది, ఇప్పుడు నీరు విడుతోంది

అమలాపురం దగ్గర ఇంట్లోనే చిన్న ఎత్తున కొబ్బరి నూనె బాడీ క్రీము చేస్తున్నాం. వందకి నూనె 12 పాళ్లు, సెటైల్ ఆల్కహాల్ (క్రీముని చిక్కబరిచే మైనంలాంటి పదార్థం) 4, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ (నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి ఉంచేది) 4, మిగతాది నీళ్లు, గ్లిజరిన్, ప్రిజర్వేటివ్. నూనెను, నీళ్లను విడివిడిగా 75 డిగ్రీలకు వేడిచేసి కలిపి, 40కి దిగేదాకా బ్లెండర్ ఆడిస్తాం. ధనుర్మాసం చలికి తెల్లారేసరికి క్రీము రవ్వ కట్టేది.

సెటైల్ ఆల్కహాల్ అణువులో కార్బన్లది సూటి గొలుసు, 49 డిగ్రీల దగ్గరకి వస్తే గానీ కరగదు. ఆక్టైల్‌డోడెకనాల్ అనే ఇంకో ఆల్కహాల్‌లో 20 కార్బన్లున్నా గొలుసుకి కొమ్మ ఉండటంతో మామూలు వేడికే ద్రవంగా ఉంటుంది. (ఆల్కహాల్ అన్నానని శానిటైజర్ అనుకునేరు, ఇది వాసన లేని నూనెలా ఉంటుంది.) అందుకని సెటైల్ 2కి తగ్గించి, ఇది 2 కలిపాను. రవ్వ పోయింది, చర్మం మీద హాయిగా పాకుతోంది. కానీ క్రీము జారుగా వచ్చి, మూడో రోజుకి డబ్బా అంచు వెంట నీరు ఊరుతోంది. ఇంకాసేపు తిప్పి చూశాను, నెమ్మదిగా చల్లార్చాను, లాభం లేదు. వ్యాక్స్ 5 చేస్తే నీరు ఆగింది గానీ, రాస్తుంటే తెల్లగా నురగొస్తోంది.

వ్యాక్స్ 4, ఆక్టైల్‌డోడెకనాల్ 2 అలాగే ఉంచి, రవ్వ మళ్లీ రాకుండా నీరు ఆగాలంటే సెటైల్ ఆల్కహాల్ ఎంతకి పెంచాలి?