పాత అక్వేరియం మూలలో కారుతోంది, ఉన్న సిలికాన్ మీదే ఇంకో పూత వేస్తే ఆగుతుందా?

పెరంబూర్ చేప:
పక్కింటివాళ్ళు ఖాళీ చేస్తూ మూడడుగుల ట్యాంక్ ఇచ్చేశారు, 3×1.5×1.5. నీళ్ళు పోస్తే వెనక కింది మూలలో చెమట పట్టినట్టు తేమ వచ్చి రాత్రికల్లా కింద పేపరు తడిసిపోతోంది. అద్దం పగల్లేదు, సిలికాన్ మాత్రం నల్లబడి అంచు లేచింది, గోటితో లాగితే పోగులా ఊడొస్తోంది. పైన బోరు నీళ్ళ తెల్లచార కూడా ఉంది, ఎంత తోమినా పోవట్లేదు. హార్డ్‌వేర్ షాపాయన బాత్రూం సిలికాన్ చేతిలో పెట్టి పైన పూసెయ్యమంటున్నాడు. మాది మూడో అంతస్తు, కిందింటి ఆంటీ అసలే గయ్యాళి.

గప్పీ బాబాయ్:
కారేచోట మాత్రం గీకి కొత్తది పెట్టు బ్రో, నాది అలాగే నడుస్తోంది. అంత హైరానా అక్కర్లేదు.

అంబత్తూర్ ట్యాంకులు:
బాబాయ్‌కి అదృష్టం కలిసొచ్చింది గానీ ఆరిన సిలికాన్‌కి కొత్త సిలికాన్ గట్టిగా పట్టదు తమ్ముడూ. పైగా నీళ్ళు సందులో పాకి ఇంకెక్కడో బయటపడతాయి, నీకు తడి కనబడే మూలే కారే మూల అనుకోకు. లోపలి అంచున ఉన్న సిలికాన్ పట్టీ మొత్తం, కిందా నిలువు మూలలూ, కొత్త బ్లేడుతో గీకేసెయ్. అద్దానికీ అద్దానికీ మధ్య ఉన్నది మాత్రం ముట్టుకోకు, ట్యాంకుని పట్టి ఉంచేది అదే. అందులో బుడగలో, విడిపోయిన మచ్చలో కనబడితే ఇక మొత్తం విప్పి అతికించాల్సిందే. గీకాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు, జిడ్డు ఉంటే పట్టదు.
బాత్రూందాంట్లో బూజు రాకుండా మందు కలుపుతారు, చేపలకి విషం. అక్వేరియంకి అని రాసున్నదే కొను, ఆరేటప్పుడు వెనిగర్ వాసనొస్తుంది. రెండువైపులా టేపేసి, గన్‌తో పెట్టి, వేలితో ఆగకుండా ఒక్క లాగు లాగి, తడిగా ఉండగానే టేపు పీకెయ్. ఇది గాల్లో తేమకే గట్టిపడుతుంది, మన చెన్నైలో పైపొర చకచకా కట్టేస్తుంది, ఒక్కో మూలా పూర్తి చేసుకుంటూ పో. తర్వాత వారం ఆగు.
టెస్టు ఇంట్లో వద్దు. నిండితే 190 లీటర్ల పైమాటే, అంటే అంతే కిలోలు. కింద పార్కింగులో సమంగా ఉన్నచోట థర్మాకోల్ వేసి కొంచెం కొంచెంగా నింపు.

కొళత్తూర్ కుర్రాడు:
చారకి వెనిగర్‌లో తడిపిన టిష్యూ అంటించి గంటాగి పాత ఏటీఎం కార్డుతో గీకండి, సిలికాన్ పని మొదలెట్టకముందే. అద్దం మీద గీతలు పడుంటే అవి పోవు, వాటి జోలికెళ్ళకండి. సిలికాన్ ట్యూబు మా ఏరియా చేపల షాపుల్లో దొరుకుతుంది.

పెరంబూర్ చేప:
థాంక్స్ అన్నా, మొత్తం గీకేస్తా. అద్దం 6 ఎంఎం ఉంది, చాలుతుందా?

అంబత్తూర్ ట్యాంకులు:
పైన అడ్డపట్టీలు ఉన్నాయా? లేకపోతే నిండా పొయ్యకు, ముందద్దం మధ్యలో ఉబ్బుతుంది. ఫోటో పెట్టు చూద్దాం.