పండ్లు గ్రిల్ చేసేటప్పుడు పంచదార ముందా, తర్వాతా?

కొత్తపొయ్యి:
కోసిన ముక్కల మీద పంచదార చల్లి, పావుగంట ఆగి గ్రిల్ మీద పెట్టమని చాలా వంటకాల్లో చెప్తారు. అలా చేస్తే అనాస ఊచలకు అంటుకుపోతోంది, నల్ల చారలు పడి చేదెక్కుతోంది. పీచ్ ముక్కలు మెత్తబడి కూలిపోతున్నాయి. తప్పు పంచదారదా, వేడిదా?

నిప్పుసెగ:
పంచదారదే. ఈ పండ్లలో నూటికి 85 పాళ్లకు పైగా నీళ్లే ఉంటాయి. పంచదార పడగానే ఆ నీళ్లు పైకి ఊరతాయి. పైన తడి ఉన్నంతసేపూ అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు. అంటే ముక్క ఉడుకుతుందే గానీ కాలదు. ఆ తడి ఆరేలోపు లోపలి గుజ్జు నీరుగారిపోతుంది. ఇక ఊచల మీదికి జారిన పాకం సంగతి. పంచదార 170 డిగ్రీల దగ్గర ఎర్రబడుతుంది, 200 దాటితే మాడుతుంది. ఊచలు అంతకంటే వేడిగానే ఉంటాయి. మీకు చేదుగా తగులుతున్నది పండు కాదు, మాడిన పాకం.

ముక్కల్ని గుడ్డతో అద్ది తడి తీయండి. వాసన లేని నూనె పలుచగా పండుకే పూయండి, ఊచలకు కాదు. వెన్న వద్దు, అందులోని పాల పదార్థం ముందే మాడుతుంది. నెయ్యి పర్వాలేదు. పండులోనే ఉన్న ఫ్రక్టోజ్ అనే చక్కెర 110 డిగ్రీల దగ్గరే రంగు తిరగడం మొదలుపెడుతుంది. పైనుంచి తీపి అక్కర్లేదు.

పాకంపట్టు:
తడి గురించి మీరన్నది నిజం. కానీ ఆ తంటా పావుగంట నానబెట్టడం వల్ల వచ్చింది, దాన్ని పంచదార మీదికి నెట్టడం సరికాదు. ఒకటిన్నర సెంటీమీటర్ల మందం అనాస చక్రానికి అర టీస్పూను, అంటే 2 గ్రాములు, ఒక్క వైపే చల్లండి. చల్లిన అర నిమిషంలో వేడి మీద పెట్టండి. నీరు ఊరడానికి సమయమే ఉండదు, పైన పల్చటి పెళుసు పొర కడుతుంది. పుల్లటి అనాసకు ఆ పొర లేకపోతే పులుపే పైకి తేలుతుంది.

నిప్పుసెగ:
ఆ పొర ముక్కకు కడుతుందా, ఊచకా? తిప్పేటప్పుడు చూడండి, సగం ఊచల మీదే ఉండిపోతుంది. ముందు ఒక వైపు 3 నిమిషాలు కాల్చి, తిప్పి, చారలు పడిన వైపు పంచదార చల్లి, మూత పెట్టి ఒక నిమిషం ఉంచితే సరిపోతుంది కదా.

పాకంపట్టు:
అలా వచ్చేది పాకం, పొర కాదు. పెళుసుదనం కావాలంటే పంచదార వేడి లోహానికి నేరుగా తగలాలి. ఊచలకు అంటుకుంటుందన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. అందుకే పంచదార వేసిన వైపుకి ఊచలు వద్దు, వాటి మీద మందపాటి ఇనుప పెనం పెట్టుకోవాలి. తేనె మాత్రం ఎవరూ ముందు పూయకండి. అందులో ఫ్రక్టోజే ఎక్కువ, చూస్తుండగానే నల్లబడుతుంది.

తోటబాట:
కూలిపోయిన పీచ్‌ను ఇద్దరూ మరిచారు. బాగా మాగిన పండుకి పంచదార వేసినా వేయకపోయినా కూలుతుంది. కావలసింది దోరపండు: తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కితే కాస్త లొంగాలి, గుంట పడకూడదు. తొక్క తీయకండి, గుజ్జును పట్టి ఉంచేది అదే. రెండు చెక్కలు చేసి గింజ తీసి, కోసిన వైపు 3, 4 నిమిషాలు, తొక్క వైపు 2 నిమిషాలు కాల్చాలి. మధ్యలో కదపకూడదు. చార గట్టిపడ్డాక ముక్క తనంతట అదే ఊడివస్తుంది. రాకపోతే ఇంకా కాలలేదన్నమాట.

మామిడిని టెంకకు రెండు పక్కలా చెక్కలుగా కోసి తొక్కతోనే కాల్చాలి. అరటి కూడా తొక్కతోనే, నిలువుగా చీల్చి. ఈ రెంటికీ పంచదార ఏ వేళా అవసరం లేదు. పుచ్చకాయకు మాత్రం వేడి బాగా ఎక్కువ కావాలి: రెండున్నర సెంటీమీటర్ల మందం, బాగా తుడిచి, వైపుకి 2 నిమిషాలు.

కొత్తపొయ్యి:
అనాసకు వేడి సరిపోయిందని థర్మామీటర్ లేకుండా ఎలా తెలుస్తుంది? పైన ఐస్‌క్రీం వేస్తే చేదొస్తుందా?

నిప్పుసెగ:
ఊచలకు పది, పన్నెండు సెంటీమీటర్ల పైన అరచేయి పెట్టండి. 4, 5 సెకన్లు ఓర్చుకోగలిగితే మధ్యస్థమైన వేడి, అనాసకూ పీచ్‌కూ అదే. రెండు సెకన్లకే చేయి తీయాల్సివస్తే అది పుచ్చకాయ వేడి.

ఐస్‌క్రీంతో వచ్చే చేదుకి కారణం అనాసలోని బ్రోమెలైన్ అనే ఎంజైమ్. పాలలోని ప్రోటీన్‌ను అది విరగ్గొడుతుంది. బాగా వేడి తగిలితే దాని పని ఆగిపోతుంది గానీ, మందపాటి ముక్క నడిమి భాగం అంత వేడెక్కదు. అందుకే ఐస్‌క్రీం వడ్డించేటప్పుడే వేయాలి, కలిపి ఉంచకూడదు.

పాకంపట్టు:
లేదా ముక్క మందం ఒక సెంటీమీటరుకి తగ్గించండి, లోపలిదాకా వేడెక్కుతుంది. అప్పుడు పంచదార 2 గ్రాములు కాదు, ఒకటే చాలు. వేయాల్సింది మాత్రం ముందే.